నాగార్జునసాగర్ రోడ్డు మీది మౌనము: విపశ్యన, ఎడారి సన్యాసులు, మన సంఘములు

మనశ్శాంతి కొరకు విశ్వాసి పది రోజుల విపశ్యన శిబిరమునకు వెళ్లవచ్చునా? హైదరాబాదు తూర్పు ప్రాంతపు కాపరులకు ఇది ఊహాప్రశ్న కాదు. నాదర్‌గుల్‌కు చేరువలోనే, నాగార్జునసాగర్ రోడ్డు మీద కుసుమ్ నగర్‌లో, 1976లో ధమ్మఖేత్త అనే కేంద్రము ఏర్పడింది. ఈ పద్ధతికి మన దేశములో నెలకొన్న తొలి కేంద్రములలో ఇది ఒకటి. జవాబుకు ముందు చరిత్రను కొంత పరిశీలిద్దాము.

ఆ రోడ్డే నాగార్జునకొండ దిక్కుకు సాగిపోతుంది. అక్కడ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరపు శాసనము ప్రకారము, బోధిసిరి అనే ఉపాసిక సింహళ థేరవాద ఆచార్యుల కొరకు చుళ ధమ్మగిరి మీద చైత్యగృహము కట్టించింది. (ఇగత్‌పురిలోని విపశ్యన ప్రధాన కేంద్రము పేరు కూడ ధమ్మగిరియే.) కనుక థేరవాదము తెలుగు నేలకు పరాయిది కాదు. ఇక్కడ అంతరించి, 20వ శతాబ్దములో బర్మా నుండి మరల వచ్చింది.

తెచ్చినవారు సత్యనారాయణ గోయెంకా. 1924లో మాండలేలో పుట్టిన హిందూ వ్యాపారి. మైగ్రేన్ తలనొప్పి భరించలేక 1955లో రంగూన్‌లో ఊ బా ఖిన్‌ను ఆశ్రయించారు. ఈ గురువు భిక్షువు కాడు, బర్మా ప్రభుత్వ అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థుడు. తలనొప్పి పోగొట్టుకొనుటకే వచ్చినవానిని చేర్చుకొనుటకు ఆయన మొదట ఒప్పుకోలేదని గోయెంకా గారే చెప్పేవారు. ఈ సంగతిని మనము తేలికగా దాటిపోరాదు. మనశ్శాంతిని అక్కడ దారిలో దొరికే ఫలముగానే ఎంచుతారు, గురి దుఃఖవిమోచనము. 1969లో భారతదేశమునకు వచ్చి బొంబాయిలో తొలి శిబిరము నడిపిన గోయెంకా గారు 2013లో మరణించారు.

శిబిరమునకు రుసుము లేదు. మాటలుండవు. మొదట శ్వాసను గమనించుట, నాలుగవ రోజు నుండి శరీరములో కలిగే సంవేదనలను ఇష్టాయిష్టములు లేక చూచుట నేర్పిస్తారు. శ్వాసకు ఏ నామమును, మంత్రమును జోడించరాదు. ప్రార్థన, ఆరాధన సైతము శిబిర కాలములో నిలిపివేయవలెనని నియమము. మా దృష్టిలో అసలు చిక్కు ఈ నియమమే. ఊపిరిని గమనించుటలో దోషమేమున్నది?

మౌనము క్రైస్తవులకు క్రొత్త కాదు. 4వ శతాబ్దపు ఐగుప్తు ఎడారి సన్యాసుల యొద్ద నేర్చుకొన్న జాన్ కాసియన్, 70వ కీర్తన మొదటి వచనమును ఎడతెగక మనస్సులో పలుకుమని తన 10వ సంభాషణలో బోధించాడు. తిరుగులాడే మనస్సును నిలుపుట రెండు మార్గములలోనూ ఉన్నది. అయితే కాసియన్ చెప్పిన వచనము దేవుని సహాయమునకు పిలిచే మొఱ్ఱ. విపశ్యనలో పిలువబడేవాడు ఎవడూ లేడు.

జెస్యూట్ గురువు ఆంథోనీ డిమెల్లో బౌద్ధ శిబిరములో నేర్చిన శ్వాస గమనమును ప్రార్థనకు తొలి మెట్టుగా మార్చి, 1978లో 'సాధన' ప్రచురించాడు. 1989లో రోము వెలువరించిన లేఖ ఇట్టి పద్ధతులను పూర్తిగా త్రోసివేయలేదు గాని, శరీరమునకు కలిగే హాయిని పరిశుద్ధాత్మ ఓదార్పుగా పొరబడవద్దని హెచ్చరించింది. ప్రొటెస్టెంటులమైన మనకు కూడ ఈ హెచ్చరిక పనికివస్తుంది.

వెళ్లదలచిన విశ్వాసికి ఆ ప్రార్థన నియమమును కాపరి ముందే తెలుపవలెను. మనస్సాక్షి ఒప్పనివారు వెళ్లకుండుట మంచిది. వెళ్లి వచ్చినవారిని సంఘములో వేలెత్తి చూపుట మాత్రము అన్యాయము. నిద్ర పట్టక, గుండె దడతో వచ్చినవారికి మనమేమి ఇచ్చాము? మన ఉపవాస కూటములలో మైకు ఆగే నిమిషమే అరుదు. కాసియన్ పేరును సంఘ చరిత్ర పరీక్షకే చదివి విడిచిపెడుతున్నాము. బల్లారాధనకు ముందు ఆ కీర్తన వచనముతో ఐదు నిమిషములు మౌనముగా కూర్చుండుటను వేదాంత విద్యార్థులకు ఈ సంవత్సరమే నేర్పించవచ్చును.