కారుకో గది: అమెరికా నగరాల పార్కింగ్ నిబంధనల చరిత్ర

1923లో ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్ తన జోనింగ్ నిబంధనల్లో ఒక కొత్త షరతు చేర్చింది. అపార్ట్‌మెంట్లు కట్టేవారు వాటిలో కాపురం ఉండబోయేవారి కార్లకు కూడా ఆ ఆవరణలోనే చోటు చూపించాలన్నది ఆ షరతు. కొత్త కట్టడాలకు పార్కింగ్‌ను తప్పనిసరి చేసిన తొలి నగరంగా చరిత్రకారులు కొలంబస్‌నే పేర్కొంటారు. 1939లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఇటువంటి షరతునే హోటళ్ళకూ ఆసుపత్రులకూ పెట్టింది. అప్పటికి ఇవి పురపాలక సంఘాల దస్త్రాలలో ఒకటి రెండు వాక్యాలు మాత్రమే.

ఆ తరువాతి అర్ధ శతాబ్దంలో అమెరికా పట్టణాల రూపురేఖలను మార్చిన శాసనాలలో ఈ వాక్యాలకు పెద్ద స్థానమే ఉంది. రోడ్డుకు దూరంగా, తారు మైదానం వెనుక నిలబడిన దుకాణాల వరుస. వీధి వైపు వాకిలి కంటే గరాజ్ తలుపే పెద్దదిగా కనిపించే ఇల్లు. పక్క దుకాణానికి కూడా కారెక్కి వెళ్ళవలసిన దూరాలు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారికి ఇవన్నీ నిత్యం కనిపించే దృశ్యాలే. ఇది అమెరికన్ల అభిరుచి అనీ, స్థలం దండిగా ఉండటం వల్ల ఏర్పడిన అలవాటు అనీ అనుకోవడం సహజం. అభిరుచి పాత్ర కొంత లేకపోలేదు. కానీ దాని వెనుక చట్టం ఉంది, చట్టంలో ఒక అంకె ఉంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్నవే ఈ చరిత్రలోని ముఖ్యమైన ప్రశ్నలు.

వీధి అంచు ఎవరిది?

అమెరికాలో 1920లో సుమారు 80 లక్షల కార్లు ఉండేవి. 1930 నాటికి అవి 2 కోట్ల 30 లక్షలు దాటాయి. గుర్రపు బండ్ల కాలంలో బండిని గంటల తరబడి వీధిలో వదిలిపెట్టడం కుదిరేది కాదు. గుర్రానికి మేత కావాలి, నీడ కావాలి. కారుకు ఆ అవసరాలు లేవు. పొద్దున తెచ్చి వీధి అంచున నిలిపితే సాయంత్రం దాకా కదలనక్కరలేదు. అందువల్ల పెద్ద నగరాల నడిబొడ్డున వీధులు కొద్ది సంవత్సరాలలోనే నిలిచిన కార్లతో నిండిపోయాయి.

1920 ఏప్రిల్‌లో లాస్ ఏంజిలిస్ నగరం దీనికి కఠినమైన మందు వేసింది. నగర కేంద్రంలోని వీధుల్లో పగటి వేళ కార్లు నిలపడాన్ని నిషేధించింది. ట్రామ్ బండ్లు మళ్ళీ సాఫీగా నడిచాయి, కానీ దుకాణాలలో బేరాలు పడిపోయాయి. సినిమా నటి క్లారా కింబాల్ యంగ్ ముందు నడవగా కార్ల యజమానులు ఊరేగింపుగా వెళ్ళి నిరసన తెలిపారు. మూడు వారాలు తిరగకుండానే నగర పాలకులు నిషేధాన్ని సాయంత్రపు రద్దీ వేళకు కుదించుకున్నారు. కారును వీధినుంచి తరిమే ధైర్యం ఇక ఎవరికీ లేదని ఆ ఉదంతంతో తేలిపోయింది.

రెండో మార్గం, నిలిపిన చోటుకు రుసుము వసూలు చేయడం. 1935 జూలై 16న ఓక్లహోమా సిటీలో ప్రపంచంలోనే మొదటి పార్కింగ్ మీటర్ పనిచేయడం మొదలుపెట్టింది. రుసుము గంటకు 5 సెంట్లు. మీటర్లు ఇతర నగరాలకు పాకాయి కానీ చాలావరకు వ్యాపార వీధులకే పరిమితమయ్యాయి. ఇళ్ళ ముందు వీధికి రుసుము పెడతామంటే అక్కడివారు ఒప్పుకునేవారు కాదు.

మూడో మార్గం కొలంబస్ చూపించినది. వీధిని అలాగే ఉచితంగా వదిలేసి, కొత్తగా కట్టేవారి చేత ఆవరణలో చోటు ఇప్పించడం. 1926లో యూక్లిడ్ గ్రామానికీ ఆంబ్లర్ రియాల్టీ సంస్థకూ నడిచిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ అధికారాన్ని సమర్థించడంతో, స్థల యజమానుల మీద ఇటువంటి షరతులు విధించడానికి గట్టి న్యాయ ప్రాతిపదిక ఏర్పడింది. రాజకీయంగానూ ఇది నెప్పిలేని మార్గం. ఇప్పటికే ఉన్న నివాసులకు పైసా ఖర్చు లేదు. రేపు రాబోయే అద్దెదారులకు ఈ ఊళ్ళో ఇంకా ఓటు లేదు. 76 నగరాలను పరిశీలించిన ఒక సర్వే ప్రకారం 1946లో వాటిలో 17 శాతానికి మాత్రమే పార్కింగ్ నిబంధనలు ఉండేవి. అయిదేళ్ళు తిరిగేసరికి 71 శాతం నగరాలు వాటిని అమలుచేశాయి, లేదా చేసే ప్రయత్నంలో ఉన్నాయి.

ఆ పాలకులను తెలివిలేనివారని కొట్టిపారేయడం అన్యాయమవుతుంది. వీధి అంచు ఉచితమైనప్పుడు, పక్కన నలభై కుటుంబాల అపార్ట్‌మెంటు లేస్తే తమ ఇంటి ముందు చోటు పోతుందని పాత కాపురస్థులు భయపడటంలో అర్థముంది. నిబంధన ఆ భయానికి జవాబు. చిక్కంతా ఆ జవాబును అంకెలోకి మార్చడంలో వచ్చింది.

అంకె పుట్టుక

ఒక్కో ఇంటికి ఎన్ని కార్ల చోటు? ఒక్కో భోజనశాలకు, క్షౌరశాలకు, శ్మశానవాటికకు ఎన్ని? పురపాలక ప్రణాళికాధికారులకు ఇది చెప్పే శాస్త్రమేదీ చేతిలో లేదు. అందుకే చాలాచోట్ల పక్క ఊరి నిబంధనలు చూసి రాసుకున్నారు. ఆ పక్క ఊరు తన పక్క ఊరిని చూసి రాసుకున్నది.

తరువాతి కాలంలో రవాణా ఇంజనీర్ల సంస్థ ప్రచురించిన పార్కింగ్ గణాంకాల సంపుటాలు వారికి ఆధారమయ్యాయి. ఆ లెక్కలు తరచుగా పార్కింగ్ ఉచితంగా ఉన్న శివారు ప్రాంతాలలో, రద్దీ పతాకస్థాయికి చేరిన వేళ తీసినవి. 1987 నాటి సంపుటిలో ఫాస్ట్‌ఫుడ్ భోజనశాలల పట్టిక దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 18 భోజనశాలలను పరిశీలించి, ప్రతి 1000 చదరపు అడుగులకు సగటున 9.95 కార్లని తేల్చారు. కానీ ఆ 18 బిందువులూ కాగితం మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. భోజనశాల వైశాల్యానికీ అక్కడ నిలిచిన కార్లకూ మధ్య సంబంధం దాదాపు శూన్యమని పక్కనే ఉన్న గణాంకం చెబుతోంది. అయినా దశాంశ స్థానాలు చూడగానే అంకెకు శాస్త్రగౌరవం వచ్చేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ శాఖలో ఆచార్యుడైన డొనాల్డ్ షూప్ దశాబ్దాలపాటు ఎత్తిచూపింది ఈ వలయాన్నే: ఉచితంగా ఇచ్చినప్పుడు ఎన్ని కార్లు వస్తాయో లెక్కించి, దానికి సరిపడా చోటు తప్పనిసరి చేశారు, అంత చోటు ఉంది కనుక అది ఉచితంగానే ఉండిపోయింది. 1990లో జరిగిన జాతీయ ప్రయాణ సర్వేలో 99 శాతం కారు ప్రయాణాలకు పార్కింగ్ ఉచితమని తేలింది.

ప్రార్థనామందిరాల విషయంలో ఈ అంకెల వింత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అనేక ఊళ్ళలో చర్చికి పార్కింగ్‌ను ఆసనాల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. పొడవాటి బల్లలైతే ఇన్ని అంగుళాలకు ఒక మనిషి అని కొలత. హిందూ దేవాలయంలో బల్లలుండవు. భక్తులు రోజంతా వస్తూ పోతూ ఉంటారు, నేల మీద కూర్చుంటారు. అటువంటప్పుడు సమావేశ మందిరపు వైశాల్యాన్ని పట్టుకుని లెక్క వేస్తారు. ఫలితంగా వైకుంఠ ఏకాదశినాడు చాలని మైదానమే మామూలు మంగళవారంనాడు బోసిగా ఉంటుంది. విదేశంలో గుడి కట్టుకోవడానికి చందాలు పోగుచేసిన ఏ తెలుగు సంఘానికైనా, ఆ చందాలలో కొంత భాగం తారుకు పోతుందన్న సంగతి నగరపాలక సంఘంలో ప్లాను పెట్టిననాడే తెలిసివస్తుంది.

లెక్కకు రాని ఖర్చు

ఒక కారు నిలిపే గడి సాధారణంగా 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. అంటే 162 చదరపు అడుగులు, ఒక పడకగది అంత. కారు తిరగడానికి, బయటికి రావడానికి కావలసిన దారి కూడా కలిపితే 300 చదరపు అడుగులు దాటుతుంది. ఇంటికి రెండు కార్ల చోటు కావాలన్న నిబంధన, ఒంటిగది ఫ్లాటుకు సమానమైన స్థలాన్ని కార్లకు రాసిచ్చినట్టే. 1000 చదరపు అడుగుల భోజనశాలకు పది కార్ల చోటంటే, వంటకూ భోజనానికీ ఉన్న స్థలానికి మూడింతలు కార్లకు పోతుంది.

ఈ ఖర్చు ఎక్కడ తేలుతుందో ఓక్లాండ్ నగరం తొలిసారి చూపించింది. 1961లో ఆ నగరం ప్రతి ఫ్లాటుకూ ఒక కారు చోటు తప్పనిసరి చేసింది. నిబంధనకు ముందు కట్టిన 45 అపార్ట్‌మెంట్లనూ తరువాత కట్టిన 19 అపార్ట్‌మెంట్లనూ పోల్చిన ఒక అధ్యయనం 1964లో వెలువడింది. ఫ్లాటు నిర్మాణవ్యయం 18 శాతం పెరిగింది. ఎకరానికి కట్టే ఫ్లాట్ల సంఖ్య 30 శాతం తగ్గింది. స్థలం విలువ 33 శాతం పడిపోయింది. చిన్న ఫ్లాటుకూ పెద్ద ఫ్లాటుకూ ఒకే చోటు చూపాలి కనుక, బిల్డర్లు చిన్నవి మానేసి తక్కువ సంఖ్యలో పెద్దవి కట్టసాగారు. చవకగా దొరికే ఇల్లు అక్కడ మొదట బలి అయింది. అమెరికాలో నేటికీ సుమారు 8 శాతం కుటుంబాలకు కారు లేదు. అటువంటివారు అపార్ట్‌మెంటులో అద్దెకు దిగితే, తమకు లేని కారుకు కూడా అద్దె కడుతూ ఉంటారు. అది విడిగా రసీదులో కనిపించదు కనుక ఎవరూ ప్రశ్నించరు.

డ్రైవ్‌వేల విషయంలో మరో విచిత్రం ఉంది. ఇంటి ముందు గరాజ్‌కు దారి ఇవ్వాలంటే వీధి అంచును కోయాలి. ఆ కోసినంత మేర ఇంకెవరూ కారు నిలపరాదు. ఇరుకు స్థలాల పాత నగరాల్లో ఒక్కో డ్రైవ్‌వే వీధిలో దాదాపు ఒక కారు చోటును మింగేస్తుంది. అంటే ఒక్క కారు గరాజ్ వల్ల ఆ వీధికి కొత్తగా చేకూరింది ఏమీ లేదు. అందరికీ ఉన్న చోటు ఒక్కరిదైంది. కాలిబాట మీద నడిచే పిల్లలకూ వృద్ధులకూ మాత్రం ప్రతి ఇంటి ముందూ వెనక్కి వచ్చే కారును కనిపెట్టుకోవలసిన పని పెరిగింది.

స్తంభాల మీది ఇళ్ళు

స్థలం తక్కువై, నిబంధన తప్పనిసరైనప్పుడు మిగిలిన ఉపాయం ఇంటినే పైకెత్తడం. 1950, 60 దశకాలలో లాస్ ఏంజిలిస్‌లో వేలాదిగా వెలసిన అపార్ట్‌మెంట్లు ఈ తరహావే. నేల అంతస్తులో సన్నని స్తంభాల మధ్య కార్లు, వాటిపైన ఒకటి రెండు అంతస్తుల ఫ్లాట్లు. అక్కడివారు వీటిని డింగ్‌బ్యాట్లు అంటారు. తెలుగు పాఠకుడికి ఈ బొమ్మ కొత్త కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏ కాలనీలో చూసినా కనిపించే స్టిల్టు అపార్ట్‌మెంటుకు ఇది అన్న వరస.

ఇటువంటి కట్టడంలో ఒక ప్రమాదం దాగి ఉంది. పై అంతస్తులకు గోడలుంటాయి కనుక అవి బిగువుగా ఉంటాయి. కింద గోడలు లేక స్తంభాలే ఉంటాయి. భూమి కంపించినప్పుడు ఊగే భారమంతా ఆ మెత్తని అంతస్తు మీదే పడుతుంది. 1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. నేల అంతస్తులో కొంత భాగాన్ని కార్లకు వదిలిన నార్త్‌రిడ్జ్ మెడోస్ అనే అపార్ట్‌మెంటులో కింది అంతస్తు నలిగిపోయి 16 మంది నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. 2015లో లాస్ ఏంజిలిస్ నగరం సుమారు 13,500 పాత భవనాల కింది అంతస్తులను బలపరచాలని చట్టం చేసింది.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలిన బహుళ అంతస్తుల భవనాలలో అధికభాగం పార్కింగ్ కోసం కింద ఖాళీగా వదిలినవే. మరుసటి సంవత్సరం సవరించిన భారత భూకంప ప్రమాణాలు, అటువంటి అంతస్తులోని స్తంభాలనూ దూలాలనూ మామూలు లెక్కకు రెండున్నర రెట్ల బలంతో రూపొందించాలని ఒక మార్గం నిర్దేశించాయి. ఆ ప్రమాణాల పటంలో హైదరాబాదు తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో, విజయవాడ మూడో మండలంలో ఉన్నాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో జారీ చేసిన 168వ నంబరు ఉత్తర్వు పార్కింగ్‌ను మొత్తం నిర్మిత వైశాల్యంలో శాతంగా నిర్ణయించింది. అమెరికా నగరాల పద్ధతికి ఇది సొంత అన్నదమ్ముల బిడ్డ: కొలమానం మారింది, ఆలోచన అదే. కాగితం మీద పార్కింగ్‌గా చూపించిన సెల్లారు ఆ తరువాత దుకాణంగానో గోదాముగానో మారడం, అధికారులు వచ్చి ఖాళీ చేయించడం హైదరాబాదులో పాత కథే. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్‌లో మొదటి 30 నిమిషాల పార్కింగ్ ఉచితంగా ఉండాలని ఆదేశించినప్పుడు జనం సంతోషించారు. ఆ అరగంట ఖర్చు దుకాణాల అద్దెలోకీ, అక్కడినుంచి సరుకుల ధరలోకీ చేరుతుందనీ, బస్సులో వచ్చినవారూ అందులో తమ వంతు చెల్లిస్తారనీ తలచుకున్నవారు తక్కువ.

వెనక్కి తిరిగిన దారి

2004లో లండన్ తన మహానగర ప్రణాళికలో కనీస పరిమితిని వదిలి గరిష్ఠ పరిమితిని తెచ్చింది. కొత్త ఇళ్ళతో పాటు కట్టే పార్కింగ్ ఆ తరువాత దాదాపు 40 శాతం తగ్గిందని పరిశోధకులు అంచనా కట్టారు. 2005లో షూప్ రాసిన ఉచిత పార్కింగ్ ఖర్చుల గ్రంథం వెలువడి అమెరికాలో చర్చను ప్రణాళికాధికారుల గదుల్లోంచి బయటికి తెచ్చింది. 2017లో బఫెలో నగరం ఊరంతటా కనీస పార్కింగ్‌ను రద్దుచేసింది. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ముఖ్యమైన రవాణా కేంద్రాలకు అర మైలు లోపల కట్టే కట్టడాలకు స్థానిక సంఘాలు సాధారణంగా ఈ షరతు పెట్టరాదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన శాన్ హోసే 2022 డిసెంబరులో, ఆస్టిన్ 2023 నవంబరులో ఇదే దారి పట్టాయి.

నిబంధన తీసేస్తే పార్కింగ్ మాయమైపోతుందన్న భయం మాత్రం నిజం కాలేదు. బఫెలోలో మొదటి రెండేళ్ళలో కట్టిన పెద్ద నిర్మాణాలలో 47 శాతం మాత్రమే పాత పరిమితి కంటే తక్కువ చోటు ఇచ్చాయి. మిగిలినవారు తమ కొనుగోలుదారుల అవసరాన్ని బట్టి పాత పరిమితి మేరకో, అంతకు మించో కట్టుకున్నారు. మరో చిక్కు ఉంది. వికలాంగులకు కేటాయించే గడుల సంఖ్యను 1990 నాటి సమాఖ్య చట్టం కింద, ఉన్న మొత్తం గడులను బట్టి లెక్కిస్తారు. మొత్తమే సున్నా అయితే ఆ లెక్కా సున్నానే. అందుకే ఆస్టిన్ వంటి నగరాలు ఆ ఒక్క షరతును విడిగా నిలుపుకున్నాయి. బస్సు రాని శివార్లలో నిబంధన తీసివేయడంతోనే బతుకులు మారవన్నదీ నిజమే. వీధి అంచుకు వెల కట్టకుండా వదిలేసిన 1920ల నాటి ప్రశ్న ఈ నగరాలన్నిటి ముందూ మళ్ళీ వచ్చి నిలబడింది.

2024 జూలైలో కొలంబస్ నగరపాలక సంఘం తన జోనింగ్ నిబంధనలను తిరగరాసింది. ఊళ్ళోని ప్రధాన రహదారుల వెంబడి ఇళ్ళు కట్టేవారు ఇక కార్లకు చోటు చూపించి తీరాలన్న షరతు లేదు. మొట్టమొదట ఆ వాక్యాన్ని రాసిన ఊరు దాన్ని కొట్టివేయడానికి 101 సంవత్సరాలు పట్టింది.