రెయిన్ చెక్

2001 వేసవి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మా టీములోని ఒక అమెరికన్ మిత్రుణ్ణి శనివారం రాత్రి భోజనానికి రమ్మన్నాను. "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?" అన్నాడు నవ్వుతూ. వాన పడకపోతే వస్తాడు కాబోలనుకుని "ష్యూర్" అన్నాను. శనివారం ఎండ మండిపోయింది. నేనూ, రూమ్మేట్లూ గుత్తివంకాయ, పులిహోర చేసుకుని తొమ్మిదింటిదాకా ఎదురుచూశాం. అతను రాలేదు. సోమవారం నేనెందుకు ముభావంగా ఉన్నానో అతనికి అర్థం కాలేదు.

జీఆర్ఈ కోసం బట్టీపట్టిన వేల మాటల్లో ఈ ముక్క లేదు. దాని సంగతి తర్వాత లైబ్రరీలో దొరికింది.

న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు 1845లో బేస్‌బాల్ నియమాలు రాసుకుంది. 1861-65 అంతర్యుద్ధంలో సైనికులు శిబిరాల్లో ఈ ఆట ఆడి, యుద్ధం ముగిశాక తమతమ ఊళ్ళకు మోసుకెళ్ళారు. 1876లో నేషనల్ లీగ్ ఏర్పడింది. జనం డబ్బిచ్చి చూసే ఆటకు వాన పెద్ద చిక్కు. అందుకే 1880లలో, వానకు ఆట ఆగిపోతే మరో రోజు చూసేందుకు ప్రేక్షకులకు చీటీ ఇవ్వడం మొదలైంది. అదే రెయిన్ చెక్. ఇక్కడ చెక్ అంటే బ్యాంకు చెక్కు కాదు, చీటీ. తర్వాత దుకాణాలవాళ్ళూ సరుకు అయిపోతే, మళ్ళీ వచ్చినప్పుడు అదే ధరకిస్తామని ఇలాంటి చీటీలే ఇచ్చారు. చివరికి చీటీ పోయి మాట మిగిలింది: "ఈసారికి కాదు, ఇంకోసారి."

ఆఫీసులో రోజూ వినే "బాల్‌పార్క్ ఫిగర్", "టచ్ బేస్" కూడా ఆ మైదానంలోంచి వచ్చినవే. మనం క్రికెట్ నుంచి "క్లీన్ బౌల్డ్" తెచ్చుకోలేదూ!

అన్ని పొరపాట్లూ వంకాయ కూరతో పోవు. డాట్‌కామ్ కంపెనీలు కూలుతున్న ఆ నవంబరులో, ఒక శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు పిలిచి "వి హావ్ టు లెట్ యూ గో" అన్నాడు. పెందలాడే ఇంటికి పొమ్మంటున్నాడనుకుని "థాంక్యూ" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. టేబుల్ మీది అట్టపెట్టె చూశాక గానీ నాకు తెలియలేదు, ఉద్యోగం పోయిందని. నాది హెచ్-1బి. ఉద్యోగం పోయినవాళ్ళకు అరవై రోజుల గడువిచ్చే నిబంధన 2017 జనవరిలో గానీ రాలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, అంతా బాగుందని అమ్మకు చెప్పాను.

నాకు మరో ఉద్యోగం చూపించింది ఆ భోజనానికి రాని మిత్రుడే. తన పాత కంపెనీలో చెప్పి ఇంటర్వ్యూ ఇప్పించాడు. చేరిన వారానికే మా అపార్ట్‌మెంట్ తలుపు తట్టి, "రెయిన్ చెక్ వాడుకుందామని వచ్చాను" అన్నాడు.

వడ్డిస్తూ, ఆ రోజుల్లో కాలికి బలపం కట్టుకుని తిరిగానని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అతను వంగి నా పాదాల వంక చూశాడు. ఇక పలకా బలపం దగ్గర్నుంచి చెప్పుకురావడం నా వంతయింది.