హెచ్చరిక చేరితే చాలదు, అర్థం కావాలి: వినియోగదారులతో ముందస్తు పరీక్ష ఎలా?

మధ్య అండమాన్‌లోని రంగత్, 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ నికోబార్ సముద్రగర్భ కేబుల్‌తో అనుసంధానమైన ప్రాంతాల్లో ఒకటి. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కేబుల్‌తో మొబైల్ యాప్‌లు, ఆన్‌లైన్ పాఠాలు, విపత్తు శిక్షణ ఆటలు ద్వీపవాసులకు మరింత చేరువయ్యాయి. అయితే ఉపకరణం చేరడం వేరు, ఆపద వేళ అది అక్కరకు రావడం వేరు. ఈ అంతరాన్ని ముందుగానే గుర్తించే ప్రక్రియే ‘నిర్మాణాత్మక మూల్యాంకనం’.

రెండు రకాల మూల్యాంకనం

నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు తెలుగు ఉపాధ్యాయులకు పరిచితమైన మాటలే. ఈ విభజనను 1967లో మైకేల్ స్క్రివెన్ ప్రతిపాదించారు. దీనికి విద్యావేత్త రాబర్ట్ స్టేక్ చెప్పిన పోలిక ప్రసిద్ధమైనది. పొయ్యి మీద ఉన్న సూప్‌ను వంటవాడు రుచి చూడడం మొదటి రకం, వడ్డించాక అతిథి రుచి చూడడం రెండో రకం. ఉప్పు సరిచేసే అవకాశం మొదటి దశలోనే ఉంటుంది.

ద్వీపాలకు ఎందుకు ముఖ్యం?

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరులో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. ఈ కేంద్రం ప్రమాద తీవ్రతను ‘వార్నింగ్’, ‘అలర్ట్’, ‘వాచ్’ అనే మూడు స్థాయిలుగా తెలియజేస్తుంది. వార్నింగ్ వస్తే మెరక ప్రాంతానికి తరలిపోవాలి. అలర్ట్ వస్తే తీరానికి, లోతట్టు ప్రాంతాలకు దూరంగా ఉండాలి. వాచ్ అంటే వెంటనే తరలిపోవలసిన అవసరం లేదు. ఈ మూడింటినీ తెలుగులో ‘హెచ్చరిక’ అనే ఒకే మాటతో చెబితే పరుగు తీయాలో, వేచి చూడాలో తెలియదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారితో పాటు బెంగాలీ, తమిళ, హిందీ కుటుంబాలకు కూడా ఇదే చిక్కు ఎదురుకావచ్చు.

సముద్రంలో మొబైల్ సిగ్నల్ అందని చోటికి సమాచారం పంపేందుకు 2019 అక్టోబరులో ‘జెమిని’ పరికరాన్ని విడుదల చేశారు. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా అందిన సందేశాన్ని ఇది బ్లూటూత్‌తో ఫోన్‌కు చేరవేస్తుంది. ఇటువంటి పరికరాన్ని గదిలో బల్ల మీద పెట్టి పరీక్షిస్తే సరిపోదు. ఎండలో తెర కనిపిస్తుందా, తడి చేతితో మీట నొక్కగలరా, ఇంజన్ మోతలో శబ్దం వినిపిస్తుందా అన్నవి పడవ మీదే తేలాలి.

ప్రధాన పద్ధతులు

కాగితపు నమూనా: ప్రోగ్రామ్ రాయకముందే తెరలను కాగితాలపై గీసి, ఎక్కడ నొక్కుతారో చూపమంటారు. ఖర్చు స్వల్పం కనుక మార్పులకు ఎవరూ సంకోచించరు.

బిగ్గరగా ఆలోచించడం: పని చేస్తూ మనసులోని మాటను పైకి చెప్పమంటారు. ఈ పద్ధతిని 1982లో ఐబీఎంకు చెందిన క్లేటన్ లూయిస్ వినియోగ పరీక్షలకు అన్వయించారు. ఒంటరిగా మాట్లాడడానికి బిడియపడేవారిని ఇద్దరేసి కూర్చోబెడితే సంభాషణ సహజంగా సాగుతుంది.

నిపుణుల పరిశీలన: జేకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిక్ 1990లో ప్రతిపాదించిన ఈ విధానంలో నిపుణులు నిర్ణీత సూత్రాలతో లోపాలు వెదకుతారు. ఇది వినియోగదారుల పరీక్షకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు.

వెంటనే సవరించి మళ్లీ పరీక్షించడం: ఒక్కరు తడబడినా కారణం స్పష్టమైతే సరిచేసి, తదుపరి వ్యక్తితో పరీక్షిస్తారు. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆటలోని శిక్షణ భాగానికి మైక్రోసాఫ్ట్ బృందం ఈ విధానాన్ని అనుసరించింది.

ఎంతమంది కావాలి? ఐదుగురితోనే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని నీల్సన్ అంచనా. అయితే ఆ ఐదుగురూ ఒకే తరహా వినియోగదారులు కావాలి. రంగత్ వంటి బహుభాషా ప్రాంతంలో మత్స్యకారులు, విద్యార్థులు, వృద్ధులను వేర్వేరు బృందాలుగా తీసుకోవడం అవసరం.

శిక్షణ ఆటల ప్రత్యేకత

వినోదానికి మించిన ప్రయోజనం గల ఆటలకు ‘సీరియస్ గేమ్స్’ అన్న పేరు 1970లో క్లార్క్ ఆప్ట్ రాసిన పుస్తకంతో ప్రాచుర్యంలోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి విపత్తు నివారణ విభాగం రూపొందించిన ‘స్టాప్ డిజాస్టర్స్’ ఇందుకు ఉదాహరణ. పరిమిత నిధులతో ఊరిని సునామీ వంటి విపత్తుల నుంచి కాపాడడం ఇందులో ఆటగాడి బాధ్యత.

ఇటువంటి ఆటల్లో రెండు ప్రశ్నలను విడివిడిగా పరిశీలించాలి. ఆట ఆడగలుగుతున్నారా? ఆడాక సరైన పాఠమే నేర్చుకున్నారా? ఇంట్లో సామాను సర్దుకున్న కొద్దీ పాయింట్లు పెరిగే సునామీ ఆట పిల్లలకు నచ్చవచ్చు, కానీ ప్రాణం కన్నా సామాను ముఖ్యమని నేర్పుతుంది. అందుకే ఆటకు ముందు, తరువాత, మళ్లీ కొన్ని వారాలకు అవే ప్రశ్నలు అడగాలి.

‘బాగుంది’ అనే మర్యాద

ఊరికి వచ్చిన అధికారి ముందు పరికరాన్ని తప్పుపట్టడానికి మన సమాజంలో చాలామంది వెనుకాడతారు. దీనిని గమనించిన భారతీయ రూపకర్త అపలా చవాన్, సినిమా కథ లాంటి ఉత్కంఠభరిత సన్నివేశంలో పాల్గొనేవారిని నిలిపి పని చేయించే ‘బాలీవుడ్ పద్ధతి’ని ప్రవేశపెట్టారు. ‘ఎలా ఉంది?’ అని అడగడం కన్నా, ‘ఈ సందేశం వచ్చింది, ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడిగి గమనించడం మేలు. పరీక్ష పరికరానికే గాని మనిషికి కాదని ముందే చెప్పాలి. అనుమతి తీసుకోవాలి. వేట మానుకుని వచ్చినవారికి ఆనాటి కూలి నష్టపోనివ్వరాదు.

చివరి అంచె

హిందూ మహాసముద్ర దేశాలు నిర్వహించే ‘ఐఓవేవ్’ మాక్ డ్రిల్స్ మొత్తం వ్యవస్థను పరీక్షిస్తాయి. ఒడిశాలోని నోలియాసాహి, వెంకట్రాయ్‌పూర్ గ్రామాలు 2020లో యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపు పొందాయి. అయితే డ్రిల్ నాటికి పదాలు, తెరలు, శబ్దాలు ఖరారై ఉంటాయి. వాటిని మార్చడం సులువుగా ఉండగానే, వాడబోయేవారి చేతికి ఇచ్చి చూడడమే ఈ పద్ధతులన్నిటి సారాంశం.