సొమ్ము ఒకరిది, చెమట ఒకరిది

మొన్న జుమా నమాజ్ తర్వాత మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ చల్లారిపోయింది. కారణం మా భాంజా. నౌకరీ వదిలేసి, ఇద్దరు దోస్తులతో కలిసి స్టార్టప్ పెడతానన్నాడు. "ఖాందాన్‌లో తలా కొంత వేస్తే ఐదు లక్షలవుతాయి మామూ" అన్నాడు. మా భాయిజాన్ వెంటనే, "నేనిస్తా. నెలనెలా ఇంత అని నా చేతిలో పెట్టు. నీ ధంధా నడిచినా మునిగినా నాకు సంబంధం లేదు" అన్నారు.

అమ్మీ తలవంచుకుంది. ఎందుకో నాకు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఆమె గాజులు అమ్మి మా చిన్న మామూ చెప్పుల దుకాణానికి డబ్బిచ్చింది. అది కర్జా, షిర్కతా అని ఎవరూ ముందు మాట్లాడుకోలేదు. దుకాణం మునిగింది. అన్నాచెల్లెళ్లు పదకొండేళ్లు సలాం చెప్పుకోలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, కొత్త తిజారత్‌కు సొమ్ము పెట్టే పద్ధతి తారీఖ్‌లో ఎలా నడిచిందో నెమరువేసుకున్నాను.

మక్కాలో బీబీ ఖదీజా (రజి) పేరున్న తాజిర్. తాము ఖాఫిలాతో వెళ్లకుండా, సరుకును నమ్మకస్తుల చేతికిచ్చి పంపేవారు. ముహమ్మద్ (స) వారి సచ్చాయీ, అమానత్‌దారీ గురించి విన్నాకే తమ సరుకుతో షామ్ దేశానికి పంపారని సీరత్ కితాబులు చెబుతాయి. తోడుగా మైసరా అనే సేవకుణ్ణి పంపారు. తిరిగొచ్చాక నఫా చూశారు, మైసరా చెప్పిందీ విన్నారు. ముందు మనిషిని ఆరా తీయడం, తర్వాత పని చూడటం. నేటి ఇన్వెస్టర్లు చేసేదీ అదే కదా!

ఈ తరహా ఒప్పందాన్నే తర్వాత ఫుఖహా ముజారబత్ అన్నారు. సొమ్ము పెట్టేవాడు రబ్బుల్ మాల్, పనిచేసేవాడు ముజారిబ్. నఫాలో ఎవరికెంత వంతో ముందే తేల్చుకోవాలి, సగమో, మూడో వంతో. "నెలకు ఇంత" అని రకం కట్టేస్తే ఒప్పందం చెల్లదు. నుక్సాన్ వస్తే, ముజారిబ్ దగా గానీ గఫ్లత్ గానీ చేయనంతవరకు, అసలు పోయేది సొమ్ము పెట్టినవాడిదే. రెండోవాడికి తన మెహనత్ పోతుంది.

ఇలాంటిదే వెనిస్‌లోనూ కనబడుతుంది. 1073లో రాసిన ఒక ఒప్పందం ఇప్పటికీ మిగిలింది. సెవాస్తో ఒరెఫిచే 200 లీరాలు పెట్టాడు. జొవాన్ని లిస్సాదో 100 కలిపి, సరుకుతో ఓడెక్కాడు. నఫా చెరిసగం. సముద్రం వల్లో, మనుషుల వల్లో అంతా పోతే ఒకరినొకరు అడగకూడదు. ఇటలీవాళ్లు ఈ పద్ధతిని మనవాళ్ల నుంచే నేర్చారా అన్నదానిపై చరిత్రకారుల బహస్ ఇంకా తేలలేదు.

ఇక అమెరికాకు వద్దాం. 1946లో జార్జ్ డోరియో అనే ప్రొఫెసర్, మరికొందరు కలిసి బోస్టన్‌లో కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే సంస్థ ఏఆర్‌డీని మొదలుపెట్టారు. 1957లో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజినీర్లు వాళ్ల దగ్గరికి వచ్చారు. కంప్యూటర్ల ధంధాలో అప్పటికి చాలామంది చేతులు కాల్చుకుని ఉన్నారు. అందుకే "బోర్డు ముందు కంప్యూటర్ అనే మాటే ఎత్తొద్దు" అని వాళ్లకు సలహా దొరికింది. అలా కంపెనీ పేరు డిజిటల్ ఎక్విప్‌మెంట్ అయింది. ముందు చిన్న సర్క్యూట్ మాడ్యూళ్లు అమ్మి, తర్వాత కంప్యూటర్లు చేశారు. 70,000 డాలర్లకు ఏఆర్‌డీ 70 శాతం వాటా తీసుకుంది. పాత ఉన్ని మిల్లులో మొదలైన ఆ కంపెనీ 1966లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఏఆర్‌డీ సొమ్ము వందల రెట్లు పెరిగింది.

అయితే ఇలాంటి కిస్మత్ అన్నింటికీ ఉండదు. ఇన్వెస్టర్లు పది చోట్ల వేస్తే చాలావరకు మునుగుతాయి. ఒకటో రెండో నిలబడి మిగతా నుక్సాన్‌ను పూడుస్తాయి. అందుకే వాళ్లు వాటా అడుగుతారు, వడ్డీ కాదు. వడ్డీకిచ్చినవాడికి తన కిస్తీ వస్తే చాలు. వాటాదారుకు కంపెనీ బతకాలన్న ఫికర్ ఉంటుంది. అలాగని నేటి కాగితాలన్నీ ముజారబతే అనుకోవద్దు. కంపెనీ అమ్ముడుపోతే ముందు తమ అసలు తమకే రావాలని చాలామంది ఇన్వెస్టర్లు రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు ఆ షరతు చదవాలి.

మర్నాడు ఇదంతా దస్తర్‌ఖాన్ ముందు చెప్పాను. భాంజాను మూడే అడిగాం. ఈ వస్తువు కొనేదెవరు? నీ దోస్తులు కష్టకాలంలో నిలబడతారా? డబ్బు ఎన్ని నెలలొస్తుంది? మొదటి రెండింటికీ జవాబు బాగానే చెప్పాడు. మూడోదానికి తడబడ్డాడు, "లెక్క రాసి తెస్తా మామూ" అన్నాడు. భాయిజాన్ చాలాసేపు ఆలోచించి, "సూద్ లాంటిది నాకూ వద్దు. పోయినా పర్వాలేదనుకునే రకమే ఇస్తా" అన్నారు. వంతులు, నుక్సాన్ మాట కాగితం మీద పెట్టి, ముఫ్తీ సాబ్‌కు చూపించాలని అనుకున్నాం.

అమ్మీ లోపలికి వెళ్లి, పాన్‌దాన్‌లో దాచుకున్న పదివేలు తెచ్చింది. "ఈసారి కాగితం మీద నా పేరు కూడా రాయండి" అంది.