హద్దుకూ గోడకూ నడుమ: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో ఖాళీ జాగా నియమం – సడలింపుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఇంటి గోడకూ స్థలం హద్దుకూ మధ్య విడిచిపెట్టవలసిన ఖాళీ జాగాను పురపాలక వ్యవహారంలో సెట్‌బ్యాక్ అంటారు. ఈ నియమం పశ్చిమ గోదావరి పట్టణాల్లోకి వచ్చిన తీరును, దాని నుంచి గృహస్థులు సడలింపు కోరిన మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొల్లేరు కాంటూరు వివాదాన్ని కూడా ఇదే కోణంలో చూస్తుంది.

కీలకపదాలు: సెట్‌బ్యాక్, మండువా లోగిలి, క్రమబద్ధీకరణ, పురపాలక సంఘం, కొల్లేరు, కాంటూరు.

1. ఉపోద్ఘాతం

గోదావరి మండలంలోని పాత మండువా లోగిలికి గాలీ వెలుతురూ ఇంటి నడుమ నుంచే వచ్చేవి. నాలుగు వైపుల వసారాల నీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోయేది. వీధి వైపు అరుగు దారిని ఆనుకొని ఉండేది. అందువల్ల పక్కింటి గోడ దగ్గరగా ఉన్నా ఇల్లు చీకటి కాలేదు. తగవులు ఎక్కువగా చూరునీళ్ళ దగ్గరే పుట్టేవి: నా చూరు నీరు నీ దొడ్లో పడవచ్చునా అన్నదే ప్రశ్న. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మద్రాసు రాజధానిలోనూ అమలై, ఇరవై ఏళ్ళు నిరాటంకంగా అనుభవించిన గాలి వెలుతురులకు హక్కు కల్పించింది. అయితే అది ఇరుగుపొరుగుల మధ్య హక్కు మాత్రమే. ఊరంతటికీ వర్తించే కొలత కాదు.

2. నియమం రాక

1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం చేసింది. మరుసటి ఏడు, 1866లో, ఏలూరు పురపాలక సంఘం ఏర్పడింది. ఆ కాలపు పాలకుల ప్రధాన చింత పారిశుద్ధ్యం. రోగానికి మూలం ఇరుకులో, మురుగులో ఉందని వారు భావించారు. 1884 చట్టం తరువాత 1920లో జిల్లా పురపాలక సంఘాల చట్టం, పట్టణ ప్రణాళికా చట్టం వెంటవెంటనే వచ్చాయి. ఇల్లు కట్టదలచినవారు ప్లాను సమర్పించి అనుమతి పొందే విధానం వీటితో స్థిరపడింది.

ఇక్కడ ఒక మౌలికమైన మార్పు గమనించాలి. ఇంటి లోపల ఉన్న ఖాళీ ఇంటి వెలుపలికి వచ్చింది. మండువా యజమాని సొంత ఏర్పాటు. సెట్‌బ్యాక్ అతని స్థలంలోనే ఉన్నా అందులో పొరుగువాడి వెలుతురు, నిప్పు అంటుకున్నప్పుడు మనిషి వెళ్ళే దారి, వాననీటి కాలువ కూడా ఉన్నాయి. సొంత భూమిలో పరుల ప్రయోజనానికి చోటు విడవాలన్న భావన చిన్న స్థలాల వారికి మొదటి నుంచీ భారమే. అన్నదమ్ములు పంచుకోగా సన్నబడిన నివేశనంలో నాలుగు వైపులా జాగా విడిస్తే గది మిగలదు.

3. సడలింపు కోరే దారులు

తాడేపల్లిగూడెం 1958లో పురపాలక సంఘమైంది. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం 1965లో వచ్చింది. ఏలూరు 2005లో నగరపాలక సంస్థ అయింది. స్థలం వైశాల్యం, భవనం ఎత్తు, ముందున్న దారి వెడల్పులను బట్టి సెట్‌బ్యాక్ మారే పద్ధతి క్రమంగా రూపొందింది.

అమెరికాలో ఈ సమస్యకు వేరే పరిష్కారం వెతికారు. న్యూయార్క్ నగరం 1916లో జోనింగ్ నిబంధనలు చేసినప్పుడు, వాటి కఠినత్వాన్ని సడలించడానికి ఒక అప్పీళ్ళ బోర్డు కూడా అవసరమైంది. తరువాత ఇతర పట్టణాలు ఈ ఏర్పాటును అనుసరించాయి. అక్కడ గృహస్థు సాధారణంగా కట్టక ముందే అర్జీ పెట్టుకోవాలి. తన ఇబ్బంది స్థలం ఆకృతి వల్ల వచ్చిందే గాని తాను తెచ్చిపెట్టుకొన్నది కాదని చూపాలి. ఇరుగుపొరుగు వారు బహిరంగ విచారణలో అభ్యంతరం చెప్పవచ్చు.

మన దగ్గర ప్రధానమైన దారి ఇందుకు భిన్నం. 2007 డిసెంబరు 31న వెలువడిన ఉత్తర్వు (జి.ఓ. 901) ఆ నెల 15 నాటికి కట్టిన అతిక్రమణ భవనాలను అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకాన్ని తెచ్చింది. అటువంటి పథకాలే 2015లోనూ, 2019లోనూ వచ్చాయి. మొదటి దానిలో గడువు 2014 డిసెంబరు 31, రెండో దానిలో 2018 ఆగస్టు 31. ఇవి ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలన్నిటికీ వర్తించాయి. ప్రభుత్వ భూములు, చెరువుల వంటి జలవనరుల ఆక్రమణలు వీటి పరిధిలోకి రాలేదు.

ఈ పద్ధతిలో మూడు లక్షణాలు స్పష్టం. అర్జీ కట్టిన తరువాత వస్తుంది. కొలమానం ఇబ్బంది కాదు, రుసుము. పొరుగువానికి విచారణ లేదు. వెలుతురు పోగొట్టుకొన్నది పక్కింటివారు, రుసుము చేరేది ఖజానాకు. నియమం పాటించి జాగా విడిచిన గృహస్థుకు దక్కేది ఏమీ లేదు. పైగా ఒక పథకం ముగియగానే మరొకటి వస్తుందన్న నమ్మకం ప్రబలుతుంది.

4. కొల్లేరు: సరస్సుకు సెట్‌బ్యాక్

ఇదే ప్రశ్న కొల్లేటిలో మరింత పెద్ద కొలతలో కనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని దాచుకొని ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే సరస్సు ఇది. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైంది. 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను కొట్టివేశారు.

ఆ గీత లోపల లంక గ్రామాలూ, జిరాయితీ భూములూ ఉన్నాయి. పట్టా చేతిలో ఉండీ భూమిని తమ ఇష్టప్రకారం వాడుకోలేని రైతుల బాధ నిజమైనది. సరిహద్దును +3కు దించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. అయితే అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు తప్పనిసరి. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు.

+3 కాంటూరు లోపలి వైశాల్యం సుమారు 135 చదరపు కిలోమీటర్లే. కొల్లేరు లోతు తక్కువైన పళ్ళెం కనుక రెండడుగుల ఎత్తు తగ్గిస్తే సగానికి పైగా వైశాల్యం పోతుంది. గృహస్థు కోరే సడలింపులో నియమం అలాగే ఉండి ఒక ఇల్లు మినహాయింపు పొందుతుంది. ఇక్కడ కోరినది నియమాన్నే జరపమని. ఏరు వెడల్పయ్యే చోటు కుదిస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు చెప్పింది.

5. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• సెట్‌బ్యాక్ నియమం మండువా ఇంటి సంప్రదాయం నుంచి వచ్చినది కాదు. పారిశుద్ధ్య దృష్టితో బయటినుంచి వచ్చి, స్థానిక నివేశనాల కొలతలతో నేటికీ పూర్తిగా పొసగలేదు.
• చిన్న స్థలాల వారి ఇబ్బందిని ముందుగా విని తీర్చే బలమైన వేదిక లేనందువల్ల అతిక్రమణా, ఆపై క్షమాపణా పరిపాటి అయ్యాయి.
• సడలింపులో నష్టపోయేది ఎవరన్న ప్రశ్న పట్టణంలోనూ సరస్సులోనూ ఒక్కటే. ఇంటి పక్కన అది పొరుగువాడు, కొల్లేటి పక్కన నీరు. పొరుగువాడు కోర్టుకైనా వెళ్ళగలడు. నీరు అర్జీ పెట్టదు. తన జాగా తానే తీసుకొంటుంది.