నేల ఉసిరికి పెట్టిన పరీక్ష

మన ఊళ్ళలో కామెర్లు అనగానే ముందు గుర్తొచ్చేది పసరు మందు. వానలు పడితే పొలం గట్ల మీద మొలిచే నేల ఉసిరిని నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేవారు. చాలామందికి తగ్గేది కూడా. ఆ నమ్మకమే మనతోపాటు విమానమెక్కి గల్ఫ్ క్యాంపుల దాకా వచ్చింది. మెడికల్‌లో హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చి అన్‌ఫిట్ అయినవాళ్ళకు ఏజెంట్లు, నాటువైద్యులు చూపించే ఆశ కూడా ఈ మొక్కే.

దీన్ని సైన్సు చిన్నచూపు చూడలేదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గే స్వయంగా దీని మీద పనిచేశారు. 1988లో మద్రాసు శాస్త్రవేత్త ఎస్.పి. త్యాగరాజన్, బ్లంబర్గ్ తదితరులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. నేల ఉసిరి పొడిని 30 రోజులు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ లెక్క చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

కానీ వేరేచోట్ల అలా జరగలేదు. థాయిలాండ్‌లో 1990లో, న్యూజిలాండ్‌లో 1994లో చేసిన పరీక్షల్లో వైరస్ పోలేదు. 2011లో అన్ని పరీక్షలనూ కలిపి చూసినవారు కూడా గట్టి ఆధారం లేదనే తేల్చారు.

మరి ఊళ్ళో తగ్గిందెలా? కలుషితమైన నీటితో వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే పోతాయి. పెద్దవాళ్ళకు కొత్తగా హెపటైటిస్ బి సోకినా పదిమందిలో తొమ్మిదిమందికి పైగా శరీరమే తరిమేస్తుంది. పేరు మాత్రం పసరుకు వస్తుంది! ఆరు నెలలు దాటినా రక్తంలో నిలిచిపోయిన వైరస్ సంగతి వేరు. దానికి పసరు తాగి మెడికల్‌కు వెళ్తే ఫీజు, టికెట్ డబ్బులు రెండూ పోతాయి. ఈ దశలో చాలామందిలో వైరస్‌ను అణచి ఉంచే టెనోఫోవిర్ వంటి మాత్రలు ఉన్నాయి. అవి ఎవరికి, ఎప్పుడు అవసరమో లివర్ డాక్టర్ చెప్పాలి.

ఇది ఒకే కంచంలో తింటే అంటదు. రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. రూములో ఒకే రేజర్ నలుగురు వాడటమే మనకున్న ప్రమాదం. టీకా మాత్రం మన హైదరాబాద్‌లోనే తయారైంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన ఆ టీకా దిగుమతి టీకాల కంటే చాలా చవక. పెద్దవాళ్ళకు సాధారణంగా ఆరు నెలల్లో మూడు డోసులు వేస్తారు.