చీరలు మనవి, వేషాలు వాళ్ళవి

మన ఊళ్ళలో నాటక సమాజాల చరిత్ర ఎవరు చెప్పినా హార్మోనియంతో మొదలుపెట్టి పద్యాలతో ముగిస్తారు. ఇంటావిడ బీరువా సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు!

శ్రీరామనవమి పందిట్లోనో, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లోనో కుర్రాళ్ళంతా కలిసి నాటకం వేస్తున్నారంటే వారం ముందునించీ మన పెట్టెలకి గండం వచ్చినట్టే. "వదినా, నీ పట్టుచీర ఒక్క రాత్రికి..." అంటూ మరిది తయారు. ఇచ్చిన చీర మెడ దగ్గర వేషం రంగుతో, కుచ్చెళ్ళ దగ్గర చిరుగుతో తిరిగొచ్చేది. ఇంతకీ దాన్ని కట్టుకుని చంద్రమతిగా ఏడ్చిందెవరయ్యా అంటే, తాలూకాఫీసు గుమాస్తాగారు!

ఈ కథ నిన్నా మొన్నటిది కాదు. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రిలో ఆడి వెళ్ళాక, వాళ్ళు వదిలిన పాకలోనే వీరేశలింగంగారు తన విద్యార్థుల చేత నాటకాలాడించారు. అంటే మన నాటకం పుట్టిందే బడిపిల్లల చేతుల్లో. ఆడవేషాలూ ఆ కుర్రాళ్ళవే. ఆ మరుసటేడు, 1881లో, ఆయన మొదటి వితంతు వివాహం జరిపించేసరికే ఊరంతా భగ్గుమంది. ఇక ఇంటి ఆడపిల్లని స్టేజి ఎక్కిస్తానని ఎవరనగలరు? 1886లో బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు వకీలు. 1892లో విజయనగరంలో ఆడపిల్లల్ని అమ్ముకోవడం మీద 'కన్యాశుల్కం' ఆడినప్పుడూ అంతే. చిత్రం చూడండి, ఆ నాటకంలో పెళ్ళికూతురుగా పీటల మీద కూచునేది కూడా ఆడపిల్ల వేషం కట్టిన కుర్రాడే! గురజాడవారు ఎవర్ని చూసి నవ్వుకున్నారో మరి.

ఆడవాళ్ళు అసలు స్టేజి ఎక్కలేదా అంటే, ఎక్కారు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వారిది కుటుంబమే కంపెనీ. అక్కడ ఆడవేషం ఆడవాళ్ళదే. కానీ అది వాళ్ళ బతుకుతెరువు. సరదాకి నాటకమాడే పెద్దమనుషుల సమాజాల్లో మాత్రం తలుపు మూసే వుండేది.

మగవాళ్ళు ఆ వేషాలు బాగా వెయ్యలేదని అనడానికి నాకు నోరు రాదు. స్థానం నరసింహారావుగారు 1920లో బాపట్లలో చంద్రమతి పాత్రధారి రాకపోతే ముఖానికి రంగేసుకుని, తరవాత సత్యభామగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్నంతటినీ ఊపేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అందరూ స్థానంవారు కాలేరు కదా! విజయవాడ కాలేజీలో విశ్వనాథవారు ఎన్.టి.రామారావుగారికి నాయకురాలు నాగమ్మ వేషమిస్తే, ఆయన మీసం తియ్యనంటే తియ్యనని ఆ మీసంతోనే ఆడి, 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నారు. ఆ మీసం కన్నా ఇంట్లో ఓ చెల్లెలికి ఆ వేషమివ్వడమే పెద్ద విడ్డూరమనుకునేవారన్నమాట.

ఇలా లాభం లేదని గట్టిగా అన్నవారు బళ్ళారి రాఘవగారు. ఈయనా వకీలే, ధర్మవరంవారి మేనల్లుడు. ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న సంసార స్త్రీలని నాటకాల్లోకి పిలిచారు. అలా వచ్చి ఆయనతో నటించిన కొమ్మూరి పద్మావతీదేవిగారి ధైర్యాన్ని ఇప్పుడు కూచుని కొలవలేం. 1940ల్లో ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయంగారు ఆడవాళ్ళతోనే బుర్రకథ దళం కట్టారు. ఆ రోజుల్లోనే నాటకాల్లో తిరిగిన కొండపల్లి కోటేశ్వరమ్మగారు తన బతుకునంతా 2012లో 'నిర్జన వారధి' అనే పుస్తకంగా ఇచ్చారు. తప్పక చదవండి.

తరవాత పరిషత్తు పోటీల కాలం వచ్చింది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు బాటలో ఊరూరా పరిషత్తులు లేచాయి. రైల్వే పేటల్లో, ఫ్యాక్టరీ టౌన్‌షిప్పుల్లో, ఎన్.జి.ఓ. కాలనీల్లో గుమాస్తాలూ మేష్టర్లూ సాయంత్రం కాఫీ తాగి రిహార్సలుకి బయల్దేరేవారు. ఆడ పాత్రకి మనిషెక్కడ దొరుకుతుంది? దానికి రచయితలే ఉపాయం కనిపెట్టారు. 'స్త్రీ పాత్ర లేని నాటిక' అని అట్ట మీదే అచ్చేసేవారు, ఉల్లిపాయ లేని కూర అన్నట్టు! ఆ నాటికల్లో భార్య ఎప్పుడు చూసినా పుట్టింటికి వెళ్ళే వుంటుంది. అమ్మ గుడికి వెళ్ళి, తెర పడేదాకా రాదు.

పాత్ర తప్పదనుకుంటే పక్క ఊరినించి డబ్బిచ్చి ఓ నటిని పిలిపించేవారు. ఆవిడ మన చీరలు అడగలేదు. తన పెట్టె తనే మోసుకుని బస్సు దిగేది. మగవాళ్ళు రెండు నెలలు సాధన చేసిన నాటకాన్ని ఒకటి రెండు రిహార్సళ్ళలో పట్టుకునేది. బహుమతి వచ్చినా రాకపోయినా తెల్లవారేసరికి ఇంకో ఊరికి ప్రయాణం. మనమేమో ముందు వరసలో కూచుని ఆవిడ ఏడిస్తే ఏడ్చాం. ఆట అయ్యాక మాత్రం ఆవిణ్ణి మన వంటింట్లోకి రమ్మని ఎంతమందిమి పిలిచాం?

నన్ను గుచ్చే ముక్క ఇంకోటుంది. నెలజీతం చేతికొస్తూ నాటకమాడినాయన 'కళాసేవకుడు'. ఆ నాటకమే కూడైన ఆవిడ 'కాంట్రాక్టు ఆర్టిస్టు'. డబ్బుకి ఆడటం చిన్నతనమైతే, డబ్బక్కరలేకుండా ఆడే వీలు ఆవిడకెవరిచ్చారు? ఆయన రిహార్సలుకి వెళితే పిల్లల్ని చూసుకోడానికి ఇంట్లో మనమున్నాం. ఆవిడ పిల్లలు ఎవరి దగ్గరున్నారో ఏ సన్మాన సభలోనూ ఎవరూ అడగలేదు.

మీ అటక మీద మామగారి నాటకాల కరపత్రాలేమైనా వుంటే చెదలు తినెయ్యకముందే దించండి. మగవాళ్ళ పేర్ల పక్కన బి.ఏ.లూ బి.ఎల్.లూ కనిపిస్తాయి. అట్టడుగున ఓ 'కుమారి' పేరూ, పక్కన ఆవిడ ఊరి పేరూ వుంటే ఆవిడెవరో మీ అత్తగారిని అడగండి. ఆవిడ కట్టుకొచ్చిన చీర రంగుతో సహా చెబుతారేమో.